సగం మెరిసే పలుకు

హైదరాబాదులో గుట్ట తొలిచి పునాదులు తీస్తున్న చోటు ఏదైనా ఫరవాలేదు. కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి ఏరుకోండి. గులాబీ రంగు పెద్ద పలుకులున్నది దొరికితే మరీ మంచిది. ఎండ భుజం మీదుగా పడేలా నిలబడి, ముక్కను అరచేతిలో పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. బొటనవేలి గోరంత ఉన్న ఫెల్డ్‌స్పార్ పలుకులు ఒక్కొక్కటే అద్దంలా తళుక్కుమంటాయి. చాలావాటిలో పలుకంతా ఒకేసారి మెరుస్తుంది, ఒకేసారి ఆరిపోతుంది. ఓపిగ్గా పది రాళ్లు తిప్పి చూస్తే మాత్రం ఎక్కడో ఒకటి మొండికేస్తుంది. నిలువునా సగమే మెరుస్తుంది. మిగతా సగం మట్టిపెళ్లలా ఉంటుంది. రెండింటి మధ్య గట్టు వేసినట్టు హద్దు. రాయిని ఇంకాస్త వంచితే ఇటు సగం ఆరిపోయి అటు సగం వెలుగుతుంది.

రెండు సగాలకూ రంగు ఒకటే, గట్టిదనం ఒకటే. విడదీసి ప్రయోగశాలకు పంపినా ఒకే ఫలితం వస్తుంది. తేడా అల్లా లోపలి అణువుల వరసలు ఎటు తిరిగి ఉన్నాయన్నదే. ఒక సగాన్ని నిలువు అక్షం మీద సగం చుట్టు తిప్పితే రెండో సగం వస్తుంది. ఫెల్డ్‌స్పార్ నున్నగా పగిలే తలం ఒకటుంది. అది ఒక సగంలో అటు వాలి, రెండో సగంలో ఇటు వాలి ఉంటుంది, పెంకుటింటి కప్పుకు రెండు వాలులున్నట్టు. వాటి మధ్య తేడా దాదాపు 52 డిగ్రీలు. అందుకే ఒకటి మెరిసేటప్పుడు రెండోది మెరవదు. దీన్ని కార్ల్స్‌బాద్ కవల అంటారు. ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న కార్లొవీ వారీ ఊరికి అది జర్మన్ పేరు. ఆ చుట్టుపక్కల గ్రానైట్ చివికి మట్టయిన చోట్ల ఈ కవలలు విడివిడిగా చేతికి దొరికేవి. అక్కడి వేడినీటి బుగ్గల కోసం వెళ్లే జర్మన్ మహాకవి గోథే వాటిని ఏరి దాచుకునేవాడు. గోథైట్ అనే ఇనుప ఖనిజానికి పేరు ఆయన మీదుగా వచ్చిందే.

అతుక్కున్న స్ఫటికాలన్నీ కవలలు కావు. కవలలను గుర్తించడంలో తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి. తోటలో జంట అరటిపండు చూసే ఉంటారు. రెండు కాయలు ఎలా పడితే అలా, ఏ కోణంలో పడితే ఆ కోణంలో అతుక్కోవచ్చు. కవల స్ఫటికాలకు ఆ స్వేచ్ఛ లేదు. చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ఒకే వాకిట్లో వదినా మరదళ్లు చెరో వైపు నుంచీ చుక్కలు పెట్టుకుంటూ వస్తున్నారనుకుందాం. చుక్కకూ చుక్కకూ దూరం ఇద్దరిదీ ఒకటే. కానీ ఒకరి వరసలు వాకిలికి తిన్నగా ఉంటే, ఇంకొకరివి ఏటవాలుగా ఉన్నాయి. మధ్యలో కలిసే చోట చుక్కలు ఎక్కడా సరిపడవు, ముగ్గు చెడుతుంది. ఏవో కొన్ని వాలుల్లో మాత్రమే హద్దు మీది చుక్కలు ఇద్దరికీ ఉమ్మడిగా కుదురుతాయి. మూడిట్లో ఒకటి కుదిరినా ముగ్గు నిలుస్తుంది. ఫ్రెంచి స్ఫటికశాస్త్రవేత్త జార్జ్ ఫ్రీడెల్ 20వ శతాబ్దం తొలి పాదంలో కవలలకు చెప్పిన సిద్ధాంతం, లెక్కలన్నీ తీసేస్తే, ఈ ముగ్గే. ఉమ్మడి చుక్కలు ఎన్ని ఎక్కువైతే ఆ కవల అంత తరచుగా దొరుకుతుంది. కుదిరే ఒక్కో వాలూ ఒక్కో కవల నియమం. వాటికి ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు పెట్టుకున్నారు.

కాబట్టి కవలను గుర్తించడమంటే రెండు స్ఫటికాలు అంటుకుని ఉన్నాయని చూడడం కాదు. అవి అంటుకున్న కోణం అదే ఖనిజంలో మరోచోట, మరో రాతిలో మళ్లీ కనిపిస్తుందా అని చూడడం.

కంటికి ముందు ఆనేది నొక్కు. ఒంటి స్ఫటికం పూర్తిగా పెరిగితే దాని ముఖాలన్నీ బయటికే ఉబ్బి ఉంటాయి, ఎక్కడా లోపలికి మడతపడదు. రెండు ముఖాలు లోయలా లోపలికి కలిసే చోటుంటే అక్కడ ఒకటికి మించి స్ఫటికాలున్నాయని అనుమానించాలి. జిప్సం కవలకు చేప తోక చీలినట్టు నొక్కుంటుంది, ఒక్కసారి చూస్తే మరిచిపోరు. రూటైల్ కవల మోచేయిలా వంగుతుంది. ఫ్లోరైట్‌లో ఒక ఘనం ముఖంలోంచి రెండో ఘనం మూల మొలకలా పొడుచుకొస్తుంది. ఇంగ్లండులోని వేర్‌డేల్ లోయ గనుల ఫ్లోరైట్‌ను ప్రదర్శనశాలల్లో ఆ మూలలను బట్టే ఆనవాలు పట్టేస్తారు.

నొక్కుకు ఇంకో గుణం ఉంది. కరిగి ఉన్న ద్రవంలోంచి వచ్చే అణువు చదును ముఖం మీద వాలితే జారిపోయే అవకాశం ఎక్కువ. నొక్కులో పడితే రెండు గోడలూ పట్టుకుంటాయి. వాననీటికి కొట్టుకొచ్చిన ఆకులు గోడ మూలలో చేరినట్టే. అందువల్ల నొక్కు వైపు పెరుగుదల జోరుగా సాగి, కవలలు చాలాసార్లు పక్కనున్న ఒంటి స్ఫటికాల కంటే పెద్దవిగా, చదునుగా తయారవుతాయి. గుత్తిలో చుట్టూ సన్నవి ఉండి ఒక్కటి మాత్రం పలకలా వెడల్పయి ఉంటే, నొక్కు కనబడకపోయినా, నేను భూతద్దం ముందు దాని మీదే పెడతాను.

కానీ నొక్కును నమ్మి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక రాళ్ల ప్రదర్శనలో ఒక దుకాణంవాడు ‘జపాన్ జంట’ అని చెప్పి పలుగురాయి స్ఫటికాలను అమ్మాడు. రెండు చదునైన స్ఫటికాలు రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉన్నాయి. బేరమాడకుండా కొన్నాను, అది రెండో తప్పు. ఇంటికొచ్చి కొలిస్తే రెండింటి మధ్య 76 డిగ్రీలు. జపాన్ నియమం ప్రకారం పలుగురాయి కవలల పొడవు అక్షాల మధ్య ఉండాల్సింది 84 డిగ్రీల 33 నిమిషాలు. డిగ్రీ అటూ ఇటూ అంటే నా చేతి వణుకనుకోవచ్చు. ఎనిమిది డిగ్రీలకు పైన తేడాకు ఏ సాకూ చాలదు.

ఈ కొలతకు ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. 1780 ప్రాంతంలో ఫ్రాన్సులో రొమే ద లీల్ అనే స్ఫటికశాస్త్రవేత్త కోసం కారాంజో అనే సహాయకుడు రెండు లోహపు పట్టీలూ, డిగ్రీలు గీసిన అర్ధచంద్రపు పలకా కలిపి కోణమాపకం చేశాడు. మన పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి మధ్యలో చిన్న మేకుతో ప్లాస్టిక్ పట్టీ బిగిస్తే అదే పరికరం తయారు. ఒక ముఖానికి అడుగు అంచు, ఇంకో ముఖానికి పట్టీ ఆనించి చదవాలి. డిగ్రీ వరకూ నమ్మొచ్చు. 84న్నరనూ 90నీ విడదీయడానికి అది చాలు.

జపాన్ కవలకు కోణం ఒక్కటే గుర్తు కాదు. రెండు స్ఫటికాల పెద్ద పట్టక ముఖాలూ ఒకే తలంలో ఉంటాయి. బల్ల మీద వెల్లకిలా పెట్టి ట్యూబులైటు కింద వంచితే రెండు రెక్కలూ ఒకేసారి మెరవాలి. పలుగురాయి పట్టక ముఖాల మీద అడ్డంగా సన్నని గీతలుంటాయి. నిజమైన కవలలో ఆ గీతలు అతుకు దగ్గర ఈకలోని నూగులా రెండు వైపులనుంచీ వాలి కలుస్తాయి. నేను కొన్నదానిలో ఒక రెక్క మెరిసినప్పుడు రెండోది చీకటి, గీతలకు పొత్తే లేదు. ఈ కవలను మొదట 1829లో వైస్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించింది జపాన్ రాళ్ల నుంచి కాదు, ఫ్రెంచి ఆల్ప్స్ పర్వతాల్లోని లా గార్డెట్ గని రాళ్ల నుంచి. 19వ శతాబ్దం చివర్లో జపాన్‌లో యమనాషి ప్రాంతపు గనుల నుంచి అరచేతంత కవలలు బయటపడేసరికి పేరు అటు పోయింది. కనిపెట్టినవాడి కంటే పెద్దది చూపించినవాడికే పేరు రావడం ఖనిజశాస్త్రంలోనూ ఉంది.

ట్యూబులైటు పరీక్షకు ఇంకో ప్రయోజనం ఉంది. సమాంతరంగా పెరిగిన స్ఫటికాల గుత్తిని అది బయటపెడుతుంది. అందులో నొక్కులు చాలా ఉంటాయి, కానీ అన్నిటి వరసలూ ఒకే వైపుంటాయి కనుక ఒకే రకం ముఖాలన్నీ ఒకేసారి వెలుగుతాయి. కవలలో కొన్ని ముఖాలు కలిసి వెలుగుతాయి, కొన్ని వెలగవు. ఎలా పడితే అలా అతుక్కున్న గుంపులో ఏదీ దేనితోనూ కలవదు. స్పెయిన్‌లోని నవహూన్ గని నుంచి వచ్చే పైరైట్ ఘనాలు ఇందుకు మంచి పాఠం. మిషను మీద కోసినట్టుండే ఇత్తడి రంగు ఘనాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. చూసిన ప్రతివాడూ కవలలంటాడు. నాలుగు ముక్కలు కొలిస్తే సాధారణంగా నాలుగు వేర్వేరు కోణాలొస్తాయి. పైరైట్‌కు అసలు కవల వేరే ఉంది. పన్నెండు ఐదుమూలల ముఖాలున్న రెండు స్ఫటికాలు 90 డిగ్రీల తేడాతో ఒకదానిలో ఒకటి దూరిపోయి ఉంటాయి. దాన్ని జర్మనీలో ‘ఇనుప శిలువ’ అన్నారు.

నొక్కు దాచేసి వేరే వేషం వేసుకునే కవలలూ ఉన్నాయి. విశాఖ మన్యంలో, నర్సీపట్నం చుట్టుపక్కల క్రిసోబెరిల్ దొరుకుతుంది. పిల్లికన్నులా గీత మెరిసే క్రిసోబెరిల్‌నే మనం వైడూర్యం అంటాం. ఈ ఖనిజంలో ఆరు పలకల బిళ్లలు కనిపిస్తుంటాయి. ఆరు పలకలు చూడగానే షట్కోణ వర్గమని రాసేస్తే మార్కులు పోయినట్టే, ఎందుకంటే క్రిసోబెరిల్ ఆ వర్గంలోది కాదు. మూడు స్ఫటికాలు దాదాపు 60 డిగ్రీల చొప్పున ఒకదాన్నొకటి కోసుకుంటూ పెరిగి ఆరు మూలల వేషం కట్టాయి. బిళ్ల అంచు మీద వేలు పోనిస్తే చిన్న చిన్న గాడులు తగులుతాయి. ముఖం మీది గీతలు అన్ని వైపులకూ ఒకేలా పోకుండా బాణపు మొనల్లా విరిగి విరిగి ఉంటాయి. పలచని ముక్కను రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి తిప్పితే ఇక దాపరికమే లేదు. షట్కోణ వర్గపు స్ఫటికం, ఆరు పలకలూ కనిపించేలా పైనుంచి చూస్తే, ఎంత తిప్పినా చీకటిగానే ఉంటుంది. ఇది చక్రంలా భాగాలుగా విడిపోయి, ఒక జత భాగాలు చీకటైనప్పుడు మిగతావి వెలుగుతాయి.

ఆరగొనైట్ చేసేదీ ఇదే మాయ. దీని పేరు స్పెయిన్‌లోని మొలీనా దె అరగోన్ ఊరి నుంచి వచ్చింది. అక్కడి ఆరు పలకల దిమ్మెలకు కోణమాపకం పెడితే 120 రావాల్సిన చోట 116 వస్తుంది. ఆ నాలుగు డిగ్రీలే కొంపముంచుతాయి.

అసలే కనిపించని కవలలకు వద్దాం. మొదట్లో చెప్పిన గ్రానైట్ ముక్కనే మళ్లీ తీసుకోండి. గులాబీవి కాక తెల్లటి ఫెల్డ్‌స్పార్ పలుకులుంటాయి. మెరిసే తలం మీద పదింతల భూతద్దం పెట్టి, వెలుతురును పక్కనుంచి రానివ్వండి. స్కేలు పెట్టి గీసినట్టు సన్నని సమాంతర రేఖలు కనిపిస్తే అది ప్లేజియోక్లేజ్. ఒక్కో రేఖా ఒక్కో పొర. పొరా పొరా మార్చి మార్చి కవలలు. పక్కపక్క పొరల తలాల మధ్య వాలు 7 డిగ్రీల చిల్లర మాత్రమే, అందుకే నొక్కు కంటికి గీతలా అనిపిస్తుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో ఈ గీతలుండవు. సూక్ష్మదర్శిని అందుబాటులో లేని కొండ మీద రెండు ఫెల్డ్‌స్పార్‌లను విడదీయడానికి భూగర్భశాస్త్రం విద్యార్థికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. గులాబీ పలుకును పలచగా అరగదీసి పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెడితే అందులోనూ కవలలు బయటపడతాయి, ఈసారి గళ్ల లుంగీలా అడ్డం నిలువు పొరలుగా. అది మైక్రోక్లీన్. రాయి చల్లారేటప్పుడు లోపలి అమరిక సౌష్ఠవం తగ్గి, ఒక్కో చోట ఒక్కో వైపు ఒరిగితే ఆ గళ్లు పడ్డాయి. ఇవి పెరుగుతూ కలిసిన కవలలు కావు, పెరిగాక విడిపోయినవి.

పలుగురాయి ఈ గూఢచర్యంలో అందరినీ మించింది. అది ఎడమచేతివాటం, కుడిచేతివాటం అని రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకే వాటం ఉన్నవి రెండు, ఒకటి సగం చుట్టు తిరిగి, ఒకే దేహంలో కలిసిపోతే డోఫినే కవల. ఎడమది, కుడిది కలిస్తే బ్రెజిల్ కవల. రెండింటికీ సాధారణంగా బయటికి నొక్కుండదు. చూడ్డానికి ఒంటి స్ఫటికమే. మెడ దగ్గర, అంటే పట్టకం మొనగా మారే చోట, అరుదుగా చిన్న ఏటవాలు ముఖాలుంటాయి. ఒంటి స్ఫటికంలో అవి మూల వదిలి మూలకు రావాలి. వరసగా ప్రతి మూలకూ ఒకే వైపు వాలి కనిపిస్తే డోఫినే. ఎదురెదురుగా, అద్దంలో బొమ్మలా కనిపిస్తే బ్రెజిల్. ఆ ముఖాలు లేకపోతే, ముఖం మీద అక్కడక్కడ దేశపటంలా నునుపూ గరుకూ మచ్చలు, మధ్యలో ఆగిపోయిన గీతలు ఉన్నాయేమో వెతకాలి.

ఈ మచ్చల కోసం ఒకప్పుడు సైన్యాలు వెతికాయి. పలుగురాయిని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ట్యాంకుల్లో, విమానాల్లో రేడియో పౌనఃపున్యాన్ని నిలకడగా పట్టి ఉంచేది పలుగురాయి పలకే. ముడిరాయి ప్రధానంగా బ్రెజిల్ నుంచి వచ్చేది. డోఫినే కవలలో ఒక సగం పుట్టించే విద్యుత్తును రెండో సగం రద్దు చేస్తుంది, పలక పనికిరాదు. అందుకని పలకలను ఘాటైన ఆమ్లంలో ముంచేవారు (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఇంట్లో ఎవరూ దాని జోలికి పోకూడదు). ఆమ్లం తిన్నాక రెండు కవలలూ వేర్వేరు నిగారింపుతో బయటపడేవి, హద్దు వెంట కోసి మంచి ముక్క వాడుకునేవారు. రాయిని 573 డిగ్రీల సెల్సియస్ దాటించి చల్లారిస్తే లేని కవలలు కొత్తగా పుట్టుకొస్తాయి, కాబట్టి పలకల తయారీలో వేడి కూడా శత్రువే. కేంబ్రిడ్జిలో వూస్టర్ దంపతులు మాత్రం పలకను వేడి మీద మెలిపెట్టి కవలతనాన్ని పోగొట్టవచ్చని చూపించారు. ఒక లోపాన్ని పిండి పారేయడం అక్షరాలా జరిగింది.

ఊదారంగు అమెథిస్ట్‌లో బ్రెజిల్ కవలలు మామూలు. పోలరాయిడ్ రేకుల మధ్య అవి పొరలు పొరలుగా రంగులీనుతాయి. కృత్రిమ అమెథిస్ట్‌లో అవి చాలాసార్లు ఉండవు కాబట్టి రత్నపరీక్షకులు ఆ పొరల కోసం చూస్తారు, అయితే ఆ ఒక్క గుర్తు మీదే తీర్పు చెప్పరు.

వజ్రానికీ కవల ఉంది. రెండు సగాలు అద్దంలో బొమ్మల్లా అతికి, మూడు మూలల పలచని బిళ్లగా తయారవుతుంది. వ్యాపారంలో దాన్ని మేకల్ అంటారు. అతుకు దాటగానే రాయి ‘వాటం’ మారిపోతుంది కనుక సానపట్టేవాడికి అది తలనొప్పి. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వంగి నడిచే వందలమంది కళ్లు సాధారణంగా ఎనిమిది ముఖాల రాయి కోసం చూస్తాయి. మూడు మూలల బిళ్లను గాజుపెంకని విసిరేసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని నాకెప్పుడూ ఒక అనుమానం.

విసిరేయడం అటుంచి, లేని కవలను చెక్కి అమ్మే వ్యాపారమూ ఉంది. స్టారోలైట్ గోధుమరంగు ఖనిజం, పేరులోనే గ్రీకు ‘శిలువ’ ఉంది. రెండు స్ఫటికాలు 90 డిగ్రీల్లో కలిస్తే నిండు శిలువ, 60 డిగ్రీల్లో కలిస్తే ఇంటూ గుర్తు. రెండోదే ఎక్కువ దొరుకుతుంది, మొదటిదే ఎక్కువ అమ్ముడవుతుంది. అందుకే మెత్తని రాయిని చెక్కి నిండు శిలువలు తయారుచేస్తారు. పట్టుకోవడం తేలిక. స్టారోలైట్ గట్టిదనం 7 పైన, చాకుమొనకు గీత పడదు. చెక్కుడు రాయికి పడుతుంది. నిజమైన శిలువ చేతులు గుండ్రంగా కాక పలకలుగా ఉంటాయి, చాలాసార్లు గరుకుగా, చుట్టూ అభ్రకం రేకులు అంటుకుని ఉంటాయి. మరీ అందంగా ఉంటే అనుమానించడం నా అలవాటు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఈ శిలువల పేరనే ఫెయిరీ స్టోన్ పార్కు ఉంది. ఆ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లు సెలవురోజున పిల్లలతో వెళ్లి మట్టిలో వెతకవచ్చు. ఇక్కడ నెల్లూరు షిస్టు రాళ్లలో కూడా కయనైట్‌తో పాటు స్టారోలైట్ ఉంది. అభ్రకం గనుల వైపు వెళ్లినప్పుడు రాళ్లలోంచి పొడుచుకొచ్చిన గోధుమరంగు కణుపులు కనిపిస్తే వాటి కోణం కొలిచి చూడండి. 75 వస్తే పక్కన పెట్టండి. 60 వస్తే ఇంకోటి వెతకండి. దానికీ 60 వస్తే పుస్తకంలో రాసుకోండి.

చివరగా, వెతికే పనే లేకుండా చేతులతో పుట్టించగల కవల ఒకటుంది. పారదర్శకమైన కాల్సైట్ ముక్క కావాలి, కింద పెట్టిన అక్షరం రెండుగా కనిపిస్తుందే, ఆ రాయి. అది ఎలా పగిలినా ఒరిగిన డబ్బాలా పగులుతుంది. దాని అంచుల్లో కొన్ని వెడల్పు కోణంవి, కొన్ని ఇరుకు కోణంవి. వెడల్పు అంచు ఒకటి బల్ల మీద ఆనేలా నిలబెట్టి, దానికి ఎదురుగా పైనున్న వెడల్పు అంచు మీద, ఒక కొనకు దగ్గరగా, వంటింటి చాకును అడ్డంగా పెట్టాలి. కోయకూడదు. కొట్టకూడదు. నిదానంగా అదమాలి. 1879లో జర్మన్ శాస్త్రవేత్త బౌమ్‌హవర్ చేసి చూపిన ప్రయోగం ఇది. కాల్సైట్ పొరలు ఒకదాని మీద ఒకటి కొద్దికొద్దిగా జారి, చాకుకు అవతలున్న కొన మొత్తం సుమారు 38 డిగ్రీలు ఒరిగి అద్దంలో బొమ్మ స్థానానికి వచ్చేస్తుంది. పగులు లేదు, పొడి లేదు. భూమి లోపల సున్నపురాయి నలిగినప్పుడు జరిగేదీ ఇదే. పాలరాయిని పలచగా అరగదీస్తే కనిపించే అడ్డ చారలు ఒకప్పుడు అది భరించిన ఒత్తిడి గుర్తులు. ఆ చారలు ఎటు వాలాయో చూసి కొండలను ఏ దిక్కు నుంచి నెట్టారో భూగర్భశాస్త్రజ్ఞులు లెక్క కడతారు.

నాకు మొదటి మూడు ముక్కలూ పగిలిపోయాయి. తొందరపడి అదిమాను. నాలుగోదానిలో చాకు కింద ఏదో మెత్తగా, వెన్నలోకి దిగినట్టు జారింది. శబ్దం రాలేదు. ముక్కను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి వంచాను. పెద్ద భాగం తళుక్కుమంది. ఒరిగిన కొన మాత్రం ఇంకొంచెం వంచేదాకా ఆగి, అప్పుడు మెరిసింది.